మా పిన్ కోడ్ దేనితోనూ పోవట్లేదు, తప్పెక్కడ?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. మా గుంట తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎవరికి నచ్చిన ఆరంకెల సంఖ్య వాళ్లు తీసుకుని దాని కారణాంకాలు రాసుకు రమ్మని స్కూల్లో చెప్పారట. ఇది మా ఊరి పిన్ కోడ్ 532001 తీసుకుంది. 2, 3, 5, 7 అంటూ మొదలుపెట్టి 50 దాకా భాగించింది, ఒక్కటీ పోలేదు. అదే రాసి పట్టుకెళ్తే, "ఇంత పెద్ద సంఖ్యకి ఏదో ఒకటి ఉండకుండా ఎలా ఉంటుంది, సరిగ్గా చేసి ఉండవు" అన్నారట. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు. నా చదువు పదితోనే ఆగిపోయింది, నేను చూసి చెప్పలేను. తప్పు మా పిల్లదేనా? అసలు ఎక్కడిదాకా భాగించుకుంటూ పోవాలి, సగం దాకానా?
ఒక అమ్మ, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, ముందు ఈ ముక్క పాపకి చదివి వినిపించండి. తప్పు తనది కాదు. 532001 ప్రధాన సంఖ్య, అంటే 1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ పోదు. 50 దాకా భాగించి ఒక్కటీ పోలేదని రాసింది కదా, సరిగ్గా అలాగే రావాలి. మధ్యలో ఏదైనా పోయిందని రాసి ఉంటే అప్పుడు తప్పయ్యేది.

పెద్ద సంఖ్య కాబట్టి ఏదో ఒకటి ఉంటుంది అనుకోవడం చాలామందికి ఉన్న అలవాటే, కానీ అది నిజం కాదు. పది లక్షల లోపల 78498 ప్రధాన సంఖ్యలున్నాయి. వాటిలో అయిదంకెల దాకా ఉన్నవి 9592, అవి తీసేస్తే సరిగ్గా ఆరంకెలు ఉన్నవి 68906. ఆరంకెల సంఖ్యలు మొత్తం తొమ్మిది లక్షలు కాబట్టి దాదాపు పదమూడింటికి ఒకటి చొప్పున ప్రధాన సంఖ్య ఉంటుంది. నలభై మంది పిల్లలున్న క్లాసులో తలా ఒక ఆరంకెల సంఖ్య పట్టుకొస్తే ఒక ముగ్గురికి ఇలాంటిది తగలడం మామూలు విషయం. ఆ ముగ్గురిలో మీ పాప ఒకతి, అంతే.

ఇక ఎక్కడిదాకా అన్న ప్రశ్న. సగం దాకా అక్కర్లేదు, అక్కడే పిల్లలు బెదిరిపోతారు, రెండున్నర లక్షల భాగహారాలు ఎవరు చేస్తారు అని. ఒక సంఖ్యకి కారణాంకం ఉంటే దానికి జత కూడా ఉండాలి కదా, రెండూ గుణిస్తే మన సంఖ్య రావాలి. ఆ జతలో రెండూ పెద్దవి కావడం కుదరదు. 730ని 730తో గుణిస్తే 532900, అది అప్పుడే మన పిన్ కోడ్‌ని దాటిపోయింది. కాబట్టి జతలో చిన్నది 729 లోపలే దొరకాలి, అక్కడిదాకా దొరకలేదంటే ఆ పైన వెతకడం దండగ. పైగా అన్ని సంఖ్యలతో భాగించక్కర్లేదు, 2తో పోనిది 4తోనూ 6తోనూ ఎలాగూ పోదు కాబట్టి ప్రధాన సంఖ్యలు చాలు. 729 లోపల చివరి ప్రధాన సంఖ్య 727, మొదటినుంచీ లెక్కపెడితే అది 129వది. అంటే 129 భాగహారాలు. మీ పాప 50 దాకా చేసింది కాబట్టి అందులో 15 అయిపోయాయి, మిగిలినవి 114. తన పనిలో లోటు ఏదైనా ఉందంటే ఇదొక్కటే, మధ్యలో ఆగింది, ఎక్కడిదాకా వెళ్లాలో తనకి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆగింది.

మీ ఉత్తరం చేతికొచ్చాక నేను ఆ 129 కూడా చేశాను, కాగితం మీద, రెండు సాయంత్రాలు పట్టింది. అందులో కొన్ని ఎంత తేలికో పాపకి చూపించండి. 532001లో ఆ 1 పక్కన పెడితే 532000, అంటే 4000 పెట్టు 133 (4000ని 133తో గుణిస్తే వచ్చేది), ఆ 133 ఏమో 7 పెట్టు 19. కాబట్టి 2తో, 5తో, 7తో, 19తో దేనితో భాగించినా 1 మిగిలి తీరుతుంది, లెక్క చేయనక్కర్లేదు. మీ ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడి 532001 మందిని ఏడు రోడ్లకీ సమానంగా పంపారనుకోండి, రోడ్డుకి 76000 మంది వెళ్లిపోయాక ఒక్క మనిషి జంక్షన్‌లోనే ఉండిపోతాడు.

ఇంకో కిటుకు ఉంది, ఇది స్కూల్లో చాలామంది చెప్పరు. 7, 11, 13 మూడూ గుణిస్తే 1001 వస్తుంది. అందుకని ఆరంకెల సంఖ్యని మధ్యకి విరిచి, ముందు మూడంకెల్లోంచి వెనక మూడంకెలు తీసేసి (వెనకది పెద్దదైతే దాంట్లోంచి ముందుది తీసేసి) మిగిలినదాన్ని చూస్తే చాలు. 532లోంచి 001 పోతే 531. అది 7తో పోదు, 11తో పోదు, 13తో పోదు. ఒక్క తీసివేతతో మూడు భాగహారాలు తప్పాయి.

చేస్తున్నప్పుడు రెండు చోట్ల మాత్రం గుండె ఆగినంత పనైంది. 461తో భాగిస్తే 7 మిగిలింది. చాలాసేపటికి 577తో భాగిస్తే మళ్లీ అదే 7. ఎక్కడో పొరపాటు చేశానేమో అని టెన్షన్ పడి రెండూ మళ్లీ చేశాను, సరిగ్గానే ఉన్నాయి. తర్వాత తెలిసింది, మన సంఖ్యకి 7 తక్కువైన 531994 ఏమిటంటే 2 పెట్టు 461 పెట్టు 577, అందుకే రెండుచోట్లా ఒకే శేషం. పొరుగువాళ్ల సంగతీ చూశాను. 531999 అయితే 9తోనే పోతుంది, 532003 ఏమో 59 పెట్టు 9017. మధ్యలో మీ ఊరిది ఒక్కటే ఏ జతకీ దొరకకుండా నిలబడింది.

ఇక్కడితో జవాబు అయిపోయినట్టే, కానీ ఆపబుద్ధి కాలేదు. ఎందుకంటే ప్రధాన సంఖ్య అని తేలాక దాన్ని అడగాల్సిన ఇంకో ప్రశ్న ఉంది: నాలుగుతో భాగిస్తే ఎంత మిగులుతుంది? 1 మిగిలితే ఆ ప్రధాన సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ సరిగ్గా ఒకే ఒక్క విధంగా. 5 అంటే 1, 4. 13 అంటే 4, 9. 29 అంటే 4, 25. 3 మిగిలే 7, 11, 19 లాంటివాటిని ఎంత తలకిందులైనా అలా రాయలేం. ఫ్రాన్సులో ఫెర్మా అనే గణితవేత్త 1640 డిసెంబరు 25న తన తోటి గణితవేత్త మెర్సెన్‌కి రాసిన ఉత్తరంలో ఈ మాట చెప్పాడు, ఎందుకలా అవుతుందో నిరూపించడానికి ఆయిలర్ అనే ఇంకో గణితవేత్త వచ్చేదాకా వందేళ్లు ఆగాల్సి వచ్చింది. మన 532001ని నాలుగుతో భాగిస్తే 1 మిగులుతుంది. అంటే ఆ రెండు వర్గాలు ఎక్కడో ఉన్నాయి, వెతికి పట్టుకోవడమే తరువాయి.

వెతకడానికి 729 దాకా అన్నీ తిప్పక్కర్లేదు. వర్గాలు ఎప్పుడూ 0, 1, 4, 5, 6, 9 అంకెలతోనే ముగుస్తాయి, రెండు కలిపి చివర 1 రావాలంటే 0తో 1 కలవాలి, లేదా 5తో 6 కలవాలి. ఎలా చూసినా రెండిట్లో ఒకటి అయిదో ఎక్కంలో ఉన్న సంఖ్యే. దాని వర్గం 25తో పోతుంది, మన సంఖ్యని 25తో భాగిస్తే 1 మిగులుతుంది, కాబట్టి రెండోదాని వర్గం కూడా 25తో 1 మిగల్చాలి. అలా మిగిల్చేవి 25వ ఎక్కానికి అటొకటి ఇటొకటి ఉన్నవే: 1, 24, 26, 49, 51, 74, 76 ఇలా 726 దాకా, మొత్తం 59. ఒక్కోదాని వర్గం తీసేసి మిగిలింది ఇంకో వర్గమా కాదా చూసుకుంటూ పోయాను. 376 దగ్గరికి వచ్చేసరికి, 376 వర్గం 141376, దాన్ని 532001లోంచి తీస్తే 390625. ఆ సంఖ్యని చూడగానే గుర్తుపట్టాను. 625 పెట్టు 625. అయిదుని ఎనిమిదిసార్లు వేసి గుణిస్తే వచ్చేది.

అంటే 532001 = 625 వర్గం + 376 వర్గం.

ఇది చూసి కుర్చీలోంచి లేచి కాసేపు వరండాలో తిరిగాను. ఎందుకంటే 625, 376 అనేవి మామూలు సంఖ్యలు కావు. పాపని కాలిక్యులేటర్ తీసి 625ని 625తో గుణించమనండి, వచ్చేదాని చివర మళ్లీ 625 ఉంటుంది. 376ని 376తో గుణించమనండి, చివర 376 ఉంటుంది. మళ్లీ గుణించినా, ఎన్నిసార్లు గుణించినా ఆ చివరి మూడంకెలు కదలవు. సున్నాతో మొదలుకాని మూడంకెల సంఖ్యలన్నిటిలో ఈ గుణం ఉన్నవి ఈ రెండే, మూడోది లేదు. ఆ రెండు కలిపితే 1001. అందుకే వాటి వర్గాలు కలిపినా చివర 001 వచ్చింది. తపాలావాళ్లు హెడ్డాఫీసు అని చెప్పడానికి పెట్టిన 001 అది, వాళ్లకి ఇదంతా తెలిసి పెట్టింది కాదు. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ వచ్చినప్పుడు మొదటి అంకె ప్రాంతానికి, మొదటి మూడు కలిపి ఉత్తరాలు విడదీసే జిల్లాకి, చివరి మూడు పోస్టాఫీసుకి అని పంచారు, ఆ పంపకంలో మీ ఊరికి ఇది వచ్చి పడింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలా వచ్చినవన్నీ ప్రధాన సంఖ్యలే అనుకోకూడదు. ఒక్క అంకెలో ఆ గుణం ఉన్నవి 5, 6 (0, 1 పక్కన పెడితే), వాటి వర్గాల మొత్తం 61, అది ప్రధాన సంఖ్యే. రెండంకెల్లో 25, 76, వాటి వర్గాల మొత్తం 6401, కానీ అది 37 పెట్టు 173, తేలిపోయింది. మూడంకెల దగ్గర మళ్లీ మీ 532001 నిలబడింది.

376 దొరికాక కూడా నేను ఆగకుండా 726 దాకా మిగిలినవి చూశాను, ఇంకో జత ఏదైనా వస్తుందేమోనని. రాలేదు. అలా రాకపోవడం చాలా విలువైన విషయం. ఒక బేసి సంఖ్యని రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క విధంగా రాయగలిగితే, ఆ ఇద్దరికీ ఉమ్మడి కారణాంకం లేకపోతే, అది ప్రధాన సంఖ్యే. పెద్ద సంఖ్యల్ని పరీక్షించడానికి ఆయిలర్ వాడిన దారి ఇది. 625లో అయిదులు తప్ప ఏమీ లేవు, 376లో అయిదు లేదు, కాబట్టి ఉమ్మడి ఏమీ లేదు. అంటే 129 భాగహారాలు చెప్పిన మాటనే 59 తీసివేతలు వేరే దారిలో వచ్చి మళ్లీ చెప్పాయి. రామానుజన్ గారి 1729 అందరికీ తెలుసు, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాలుగా రాయొచ్చు కాబట్టి దానికి పేరొచ్చింది. మీ ఊరి సంఖ్యకి ఉన్నది ఒక్కటే విధం, దాని బలమంతా ఆ ఒక్కటిలోనే ఉంది.

పాప మళ్లీ స్కూలుకి వెళ్లేటప్పుడు కాగితం మీద ఇలా రాయమనండి: "532001కి 1, 532001 తప్ప కారణాంకాలు లేవు. 727 దాకా ఉన్న 129 ప్రధాన సంఖ్యలతో చూశాను." ఆ 114 మిగిలినవి తనే చేయాలి, నేను చేశాను కదా అని వదిలేయొద్దు. రోజుకి పది చేసినా రెండు వారాలు పట్టదు.

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర మాకు బట్టల షాపుంది. బిల్లు బుక్కుల మీద, బోర్డు మీద 535001 అని వేయించాం. సంఖ్యాశాస్త్రం చూసే ఒకాయన వచ్చి, ఆ అంకెలు కలిపితే 14, అది కలిపితే 5, మీ పేరుకి పడదు, 535002 అయితే 6 వస్తుంది బాగుంటుంది, పోస్టు అటునుంచి తెప్పించుకోండి అన్నాడు. మా ఆవిడ అప్పట్నించీ అదే పట్టుకుంది. మీరేమంటారు సార్?
ఒక వ్యాపారి, విజయనగరం

జవాబు: బాబూ, మీరు ఏ పోస్టాఫీసు పరిధిలో ఉన్నారో ఆ పిన్నే వేసుకోండి, లేకపోతే ఉత్తరాలూ పార్సిళ్లూ తిరగడమే మిగులుతుంది. అంకెలు కలిపితే వచ్చేది ఏమిటో చెప్తాను, మీ ఆవిడకి కూడా చెప్పండి. 10 అంటే 9 మీద 1. 100 అంటే 99 మీద 1. 1000 అంటే 999 మీద 1. కాబట్టి ఏ స్థానంలో ఉన్న అంకె అయినా తొమ్మిదులు తీసేస్తే అంకెగానే మిగులుతుంది, అవన్నీ కలిపితే వచ్చేది ఆ సంఖ్యని 9తో భాగిస్తే మిగిలే శేషం (9 వస్తే శేషం సున్నా అని). 535001ని 9తో భాగిస్తే 5 మిగులుతుంది, 535002ని భాగిస్తే 6 మిగులుతుంది. ఆయన మీకు చెప్పింది ఇంతే. ఆ లెక్కన 535002కీ 15కీ 6కీ తేడానే లేదు, అలాంటప్పుడు అది మీ షాపు గురించి ఏం చెప్పగలదు?

అయితే అంకెలు కలపడం పనికిరాని విద్య అనడం లేదు, వ్యాపారికి అది రోజూ పనికొస్తుంది. 535001 అనేది 47 పెట్టు 11383. సరిగ్గా గుణించామో లేదో చూడాలంటే, 47లో అంకెలు కలిపితే 11, మళ్లీ కలిపితే 2. 11383లో కలిపితే 16, మళ్లీ కలిపితే 7. రెండేళ్లు పద్నాలుగు, కలిపితే 5. అటు 535001కి కూడా 5 వచ్చింది, సరిపోయింది. రాకపోతే ఎక్కడో తప్పుందని ఖాయం. వచ్చినంత మాత్రాన ఒప్పని మాత్రం ఖాయం కాదు, అంకెలు తారుమారైతే ఇది పట్టుకోలేదు. దానికి ఇంకోటి ఉంది. సాయంత్రం క్యాష్ లెక్క చూసినప్పుడు పుస్తకానికీ గల్లాపెట్టెకీ తేడా వచ్చిందనుకోండి, ఆ తేడా 9తో పోతుందేమో చూడండి. పోతే ఎవరో 4850 రాయబోయి 4580 రాసి ఉండే అవకాశం ఎక్కువ, ఆ రెండిటికీ తేడా 270, అంటే తొమ్మిది ముప్పైలు. పాతకాలం గుమాస్తాలకి ఇది వెన్నతో పెట్టిన విద్య.

మీ ఊరి 535001, 535002, 535003 పిన్‌లకీ ఉన్న నిజమైన గుణాలు చూస్తే మీకే ముచ్చటేస్తుంది. పైన శ్రీకాకుళం అమ్మకి చెప్పిన కిటుకు వేయండి. 535003లో 535లోంచి 3 తీస్తే 532, అది 7 పెట్టు 76, కాబట్టి 535003 ఏడుతో పోతుంది. 535002లో 535లోంచి 2 తీస్తే 533, అది 13 పెట్టు 41, కాబట్టి పదమూడుతో పోతుంది. ఇక 535002ని పూర్తిగా విడదీస్తే 2, 3, 13, ఆ తర్వాత 19, 19, 19. పందొమ్మిది మూడుసార్లు! ఆరంకెల సంఖ్యలో ఒక పందొమ్మిది ఉంటేనే చెప్పుకోదగ్గ విషయం, ఇందులో దాని ఘనం మొత్తం, 6859, కూర్చుని ఉంది. దానికి 32 కారణాంకాలున్నాయి, శ్రీకాకుళం దానికి రెండే. 19తో పోతుందో లేదో చూడ్డానికి చివరి అంకె తీసి, దాన్ని రెట్టింపు చేసి మిగిలినదానికి కలపాలి: 53500కి 4 కలిపితే 53504, 5350కి 8 కలిపితే 5358, 535కి 16 కలిపితే 551, 55కి 2 కలిపితే 57, అంటే 19 పెట్టు 3, కాబట్టి పోతుంది.

మీ 535001 సంగతీ చెప్పాలి కదా. నాలుగుతో భాగిస్తే దానికీ 1 మిగులుతుంది, శ్రీకాకుళం దానికి లాగే. కానీ దాన్ని రెండు వర్గాల మొత్తంగా ఒక్క విధంగా కూడా రాయలేం. లోపల ఉన్న 47 ఒప్పుకోదు, ఎందుకంటే 47 నాలుగుతో 3 మిగిల్చే ప్రధాన సంఖ్య, అలాంటిది ఒక్కసారే వస్తే మొత్తం సంఖ్యకి ఆ దారి మూసుకుపోతుంది. దీన్ని బట్టి మీ షాపుకి ఏదో అవుతుందని కాదు, సంఖ్యకి గుణాలు ఉంటాయి, అవి లోపల ఉంటాయి, అంకెలు కలిపితే కనబడేవి కావు అని చెప్పడానికి చెప్తున్నాను. బోర్డు మార్చకండి.

ప్రశ్న: మా ఆమదాలవలస 532185కి కూడా ఏదైనా ప్రత్యేకత ఉందా? 
ఒక విద్యార్థి

జవాబు: చివర 5 కాబట్టి 5తో పోతుంది, అంకెలు కలిపితే 24 కాబట్టి 3తో పోతుంది, ఆ రెండూ తీసేస్తే 35479, అది 17 పెట్టు 2087. 2087 దగ్గర ఆగిపోతుంది. అది ప్రధాన సంఖ్య అని నువ్వే తేల్చు, 43 దాకా చూస్తే చాలు, ఎందుకు 43 దాకానో పైన రాశాను.

ప్రశ్న: మాది బొబ్బిలి, పదో తరగతి. పైథాగరస్ సిద్ధాంతంలో ఎప్పుడూ 3, 4, 5 లేకపోతే 5, 12, 13 ఇవే ఇస్తారు. పెద్ద పెద్ద సంఖ్యలతో ఉన్న లంబకోణ త్రిభుజాలు మేమే తయారు చేసుకోవచ్చా? ఊరికే వెతికితే దొరకట్లేదు.
ఒక విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: చేసుకోవచ్చమ్మా, వెతకనే అక్కర్లేదు. ఏవైనా రెండు సంఖ్యలు తీసుకో. వాటి వర్గాల తేడా ఒక భుజం, ఆ రెండిటి లబ్ధానికి రెట్టింపు ఇంకో భుజం, వర్గాల మొత్తం కర్ణం. 2, 1 తీసుకుంటే 3, 4, 5. 3, 2 తీసుకుంటే 5, 12, 13. ఎందుకు కుదురుతుందో నీ పుస్తకంలో ఉన్న రెండు సంఖ్యల మొత్తం వర్గం, తేడా వర్గం సూత్రాలతో ఒక అరపేజీలో తేల్చుకోగలవు, అది నీకే వదిలేస్తున్నాను.

కర్ణం అంటే రెండు వర్గాల మొత్తం అన్నమాట, కాబట్టి శ్రీకాకుళం పిన్ కోడ్ కర్ణంగా ఉన్న త్రిభుజం ఒకటి ఉండి తీరాలి. 625, 376 తీసుకో. లబ్ధం 235000, దానికి రెట్టింపు 470000, అది ఒక భుజం. వర్గాల తేడా 390625లోంచి 141376 పోతే 249249. మరోసారి చూడు ఆ సంఖ్యని, 249 పక్కన 249. ఇది అనుకోకుండా వచ్చింది కాదు. వర్గాల తేడా అంటే మొత్తాన్ని తేడాతో గుణించడం, ఇక్కడ మొత్తం 1001, తేడా 249, మూడంకెల సంఖ్యని 1001తో గుణిస్తే అదే సంఖ్య రెండుసార్లు పక్కపక్కన పడుతుంది. (దీన్ని తిప్పి ఆడుకోవచ్చు: నీ స్నేహితురాల్ని మూడంకెల సంఖ్య ఒకటి రెండుసార్లు పక్కపక్కన రాయమని, 7తో, 11తో, 13తో వరసగా భాగించమను, తను మొదట రాసిందే మిగులుతుంది.) సరిచూస్తావా? 249249 వర్గం 62125064001. 470000 వర్గం 220900000000. రెండూ కలిపితే 283025064001. 532001 వర్గం కూడా అదే.

అదే వరసలో చిన్నవి కూడా ఉన్నాయి. 6, 5 తీసుకుంటే 11, 60, 61. ఇక్కడ తేడా 1 కాబట్టి భుజం 1 పక్కన 1. 76, 25 తీసుకుంటే 5151, 3800, 6401. ఇక్కడ తేడా 51 కాబట్టి 51 పక్కన 51. ఆ తర్వాత 249 పక్కన 249. నాలుగంకెల మెట్టుకి 9376, 0625 తీసుకోవాలి (9376ని దాంతోనే గుణిస్తే 87909376, చివర నాలుగంకెలు చూశావా), ఆ సున్నా రాయడం మర్చిపోకు, లేకపోతే రెండు కలిపితే 10001 ఎలా వచ్చిందో వరస తెలియదు. భుజం 87518751 వస్తుంది. కర్ణం నువ్వు కట్టి, అది ప్రధాన సంఖ్యో కాదో చూసి నాకు రాయి. 9000 దాటిన ప్రధాన సంఖ్యల దాకా భాగించాల్సి రావచ్చు కాబట్టి దీనికి మాత్రం కంప్యూటర్ ల్యాబ్‌లో మీ సార్‌ని అడిగి కూర్చో.